చేద పడలేదేం?

కుక్కర్ స్టవ్ మీద పెట్టి స్నానానికి వెళ్తూ అమ్మ రోజూ ఒకే మాట అప్పజెప్పి వెళ్తుంది. "మూడు విజిల్స్ రాగానే కట్టెయ్యరా." అంతకన్నా తేలికైన పని ఇంట్లో ఇంకోటి ఉండదు. కానీ ఈమధ్య ఒక సంగతి నన్ను వదలకుండా పట్టుకుంది. మొదటి విజిల్ వచ్చేదాకా పేపరు హాయిగా చదువుకుంటాను. రెండోది వచ్చినప్పుడూ చదువుతూనే ఉంటాను. రెండోదానికీ మూడోదానికీ మధ్య మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కదు. ఒకే వాక్యం మీద కళ్లు నాలుగుసార్లు తిరుగుతాయి. వెయిట్ కింద ఆవిరి సన్నగా సుయ్యిమంటుంది, ఇదిగో వచ్చేస్తోంది అనిపిస్తుంది, రాదు. మళ్లీ సుయ్యి. మళ్లీ రాదు. ఆఖరికి అది కూసినప్పుడు నా భుజాలు కిందికి దిగుతాయి. అవి అంతసేపూ పైకి లేచి ఉన్నాయన్న సంగతి అప్పుడే తెలుస్తుంది. ఉడుకుతున్నది కందిపప్పు. అందులో భయపడాల్సిందేముంది? అసలు ఆ సమయంలో వినిపించిన శబ్దమేముంది?

మా మేనల్లుడు మా ఇంట్లోనే ఉండి ఇక్కడ హైదరాబాదులో మాస్ కమ్యూనికేషన్ చదువుతున్నాడు. ఆఖరి సెమిస్టరులో తొమ్మిది నిమిషాల సినిమా తీసి చూపించాలి. వాడు థ్రిల్లర్ ఎంచుకున్నాడు. రాత్రిపూట ఫ్లాటులో ఒంటరిగా ఉన్న అమ్మాయి, లోపలికి దూరిన ముసుగు మనిషి, మధ్యలో కరెంటు పోవడం. షూటింగు నాలుగు రాత్రుల్లో అయిపోయింది. ఎడిటింగు దగ్గర మాత్రం మూడు వారాలుగా కూర్చుని ఉన్నాడు. భోజనాల బల్ల మీద లాప్‌టాప్, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు, పక్కన చల్లారిపోయిన టీ. ఒకరోజు ఉన్నట్టుండి హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టాడు. "మావయ్యా, నువ్వూ కాలేజీలో థ్రిల్లర్ తీశావటగా. ఇందులో భయం రావట్లేదు. ఎక్కడ పెంచాలో చెప్పు." స్క్రీను మీద సౌండు కోసమే పదకొండు ట్రాకులు, ఒకదాని కింద ఒకటి రంగురంగుల పట్టీల్లా పరిచి ఉన్నాయి. గాలి హోరు ఒకటి, గుండె చప్పుడు ఒకటి, లోతుగా గుయ్యిమనే రొద ఒకటి, కింది నుంచి పైకి ఎగబాకి ఠక్కున ఆగిపోయే వయొలిన్ల గుంపు ఒకటి. అన్నీ ఇంటర్నెట్లో దొరికినవే, అన్నీ శ్రద్ధగా ఏరి తెచ్చుకున్నవే. ఇన్ని ఉండీ భయం రావట్లేదు అన్నాడు. "ఎక్కడ పెంచాలి" అని అడిగాడు కానీ, "ఏం తీసెయ్యాలి" అని వాడికి తోచలేదు. నాకు మాత్రం ఆ వయసులో తోచిందా?

విన్నాను. మూడుసార్లు ఉలిక్కిపడ్డాను కూడా. ముసుగు మనిషి అద్దంలో కనిపించినప్పుడు ఢామ్మని మోగిన మోతకి గుండె గుభేలుమంది. కానీ ఆ మోత ఆగిన మరుక్షణమే నేను మామూలుగా అయిపోయాను, ఆ అమ్మాయికి ఏమవుతుందోనన్న ఆలోచన నాలో మిగల్లేదు. వెనక నుంచి ఎవరైనా వచ్చి భుజం మీద చరిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. అది కండరాల పని. మన భాషలో దీనికి ఎన్ని మాటలున్నాయో చూడండి: ఉలికిపాటు, బెదురు, జడుపు, భయం, గుబులు, ఆదుర్దా. మా ఇళ్లల్లో ఆడవాళ్లు వీటిని ఒకదాని బదులు ఒకటి వాడగా నేనెప్పుడూ వినలేదు. పిల్లాడు రాత్రి కలవరిస్తే "జడుసుకున్నాడు" అంటారు. పెద్దవాడు చెప్పిన వేళకి ఇంటికి రాకపోతే "గుబులుగా ఉంది" అంటారు. జడుపు ఒక్క క్షణంలో వచ్చి పోతుంది, గుబులు వచ్చి కూర్చుంటుంది. మా వాడి సినిమా నిండా జడుపే ఉంది. గుబులు లేదు. ఈ మాట వాడికి ఎలా చెప్పాలో తెలియక, మా సినిమా గురించి చెప్పడం మొదలుపెట్టాను.

2006లో, ఇంజనీరింగు మూడో ఏడు సెలవుల్లో, నలుగురం కలిసి పదకొండు నిమిషాల సినిమా తీశాం. కాకినాడ దగ్గర పల్లెటూళ్లో మా అమ్మమ్మది మండువా ఇల్లు. నడిమధ్యన ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారాలు, పెరట్లో గిలక బావి. ఒక మిత్రుడి బావగారి హ్యాండీకామ్, నాలుగు మినీడీవీ క్యాసెట్లు, రెండు వందల వాట్ల బల్బులు. ఇంతే మా స్టూడియో. వేరే మైకు లేదు, కెమెరాకి ఉన్నదే గతి. ఆ మైకుకి ఒక గుణం ఉండేది. గట్టి చప్పుడైతే తనంతట తనే తగ్గించుకునేది, చప్పుడు తగ్గితే తనంతట తనే పెంచుకునేది. అంటే గదిలో ఎవరూ మాట్లాడకపోతే అది ఊరుకోదు, వెతుకుతుంది. కొన్ని క్షణాలకి టేపు తిరిగే మోటారు రొద, దూరపు కుక్కలు, తన లోపలి బుస, అన్నీ పైకి తేలి వచ్చేవి. నిశ్శబ్దం కోసం మేం చేసిన ప్రతి షాటూ హోరెత్తిపోయింది. అప్పట్లో దాన్ని పరికరం దోషమనే అనుకున్నాం. మనిషి చెవి కూడా చేసేది అదేనని తర్వాతెప్పటికో అర్థమైంది. కరెంటు పోయిన రాత్రి పడుకుని చూడండి. ఫ్యాను ఆగిపోయిన కాసేపటికి గోడ గడియారం దగ్గరికొస్తుంది, తర్వాత పక్కింటి దగ్గు, తర్వాత మన నాడి. చెవి వెతకడం మానదు. సినిమాలో నిశ్శబ్దం పెట్టడమంటే ప్రేక్షకుడి చెవిని వెతుకులాటలోకి దింపడమే కాబోలు.

కథ చిన్నది. పరీక్షలకి చదువుకోవడానికి తాతగారింట్లో ఒంటరిగా ఉన్న కుర్రాడికి అర్ధరాత్రి పెరట్లో ఎవరో నీళ్లు తోడుతున్న చప్పుడు వినిపిస్తుంది. మొదటిసారి కూర్చినప్పుడు మేమూ మా మేనల్లుడు చేసిందే చేశాం. ఎక్కడెక్కడి సినిమాల క్యాసెట్ల నుంచో నేపథ్య సంగీతం తీసుకొచ్చి మొదటి నుంచి చివరిదాకా నింపాం. తెలుగు దెయ్యాల సినిమా చూసినవాళ్లం కదా, గజ్జెల చప్పుడు, నక్క ఊళ, తలుపు కిర్రు ఏదీ వదిలిపెట్టలేదు. అమ్మమ్మకి చూపించాం. చూపించాం అనడం తప్పు. నీటికాసుల జబ్బుతో అప్పటికి ఆరేళ్లుగా ఆవిడకి రెండు కళ్లూ కనిపించవు. టీవీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెడితే, రేడియో నాటకం వింటున్నట్టు తల ఒక పక్కకి వంచి వింది. విజయవాడ రేడియో నాటకాలు ఏళ్ల తరబడి విన్న మనిషి. నాటకంలో కప్పు కింద పెట్టిన చప్పుడుని బట్టి పాత్ర కోపంగా ఉందో లేదో చెప్పేది. అంతా అయ్యాక, "సంగీతం బాగుందిరా నాయనా," అంది. "కథేమిటి?" ఆవిడ వెక్కిరించలేదు, నిజంగానే అడిగింది. పదకొండు నిమిషాల్లో ఆవిడ చెవికి మేం ఒక్క మనిషినీ, ఒక్క గదినీ ఇవ్వలేదు. మా చేతిలో ఉన్న ఇల్లంతటినీ సంగీతం కింద కప్పెట్టేశాం.

రెండోసారి బావి చప్పుడు విడిగా రికార్డు చేద్దామని ఒక రాత్రి మళ్లీ వెళ్లాం. గిలక చప్పుడు వినని పిల్లలకి దాన్ని ఎలా చెప్పను? ఇనప గిలక, కొబ్బరి పీచు చేంతాడు. చేద కిందికి వదిలితే గిలక ముందు నిదానంగా కిర్రు, కిర్రు అని, బరువు వేగం పుంజుకున్నకొద్దీ గరగరా తిరిగి, చేద నీళ్లను తాకగానే తాడు వదులై ఠప్పున ఆగుతుంది. వెంటనే చేద ఒరిగి నీళ్లు మింగే బుడబుడ. తర్వాత పైకి లాగుతుంటే బరువెక్కిన కొత్త కిర్రు. కళ్లు మూసుకుని విన్నా ఒక చేద నీళ్ల కథంతా అందులో ఉంటుంది. మాలో ఒకడు చేద వదిలాడు. గిలక గరగరా తిరుగుతుండగా లోపలి నుంచి అమ్మమ్మ గొంతు, "ఎవరదీ?" అని. వాడు కంగారుపడి తాడు బిగించి పట్టుకున్నాడు. చేద బావి మధ్యలో వేలాడుతూ ఆగిపోయింది. ఆ టేకు పాడైందనుకున్నాం. ఎడిటింగులో అమ్మమ్మ గొంతు కోసేసి చూస్తే, గిలక తిరిగి, తిరిగి, నీళ్ల చప్పుడు రాకుండానే ఆగింది. తర్వాత వట్టి పెరడు. కీచురాళ్లు. నాలుగు సెకన్లు. మాకు అది నచ్చింది. ఎందుకు నచ్చిందో మాలో ఎవరికీ తెలియదు. సంగీతం మొత్తం తీసేసి, ఆ నాలుగు సెకన్లనీ అలాగే ఉంచి, మళ్లీ అమ్మమ్మ పక్కన కుర్చీ వేశాం. గిలక ఆగిన చోట ఆవిడ చెయ్యి కుర్చీ పట్టీ మీద బిగుసుకుంది. సినిమా ఇంకా నడుస్తోంది, కుర్రాడు తలుపు దగ్గరికి నడుస్తున్నాడు, ఆవిడకి అదేమీ పట్టలేదు. "ఒరేయ్, చేద పడలేదేం?" అంది. సమాధానం చెప్పలేదని రెట్టించింది. "చేద ఏమైందిరా?"

ఆ ప్రశ్న మేం కోరుకున్న మెప్పు అనుకుని ఆ రాత్రంతా మురిసిపోయాం. పొద్దున్నే అమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పిన సంగతి వేరు. అమ్మకి పదేళ్లప్పుడు, ఒక వేసవి రాత్రి అందరూ ఆరుబయట మంచాలేసుకుని పడుకున్నారు. వెనక వీధి బావిలో ఏదో పడిన చప్పుడు అమ్మమ్మకి వినిపించింది. ఎవరో చేద వేశారనుకుంది. ఈ వేళప్పుడు నీళ్లేమిటి అని ఒక్క క్షణం అనిపించి, ఎండాకాలం కదా అని తనకి తనే చెప్పుకుని, అటు తిరిగి పడుకుంది. తెల్లారాక తెలిసింది అది చేద కాదని. ఆ ఇంటి కొత్త కోడలు. గిలక చప్పుడు వినిపించలేదన్న సంగతి అమ్మమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. గిలక తిరగకుండా చేద ఎలా పడుతుంది? ఆ తర్వాత నలభై ఏళ్లూ, రాత్రిపూట ఏ బావిలో ఏ చప్పుడైనా ముందు గిలక, వెనక చేద, వరసగా వినిపిస్తే తప్ప ఆవిడ నిద్రపోలేదట. చూపు పోయాక ఆ లెక్క ఇంకా ఎక్కువైందట. "ఎవరదీ" అని ఆ రాత్రి కేకేసింది మమ్మల్ని కాదు. నాకు నోట మాట రాలేదు. ఒకరి జీవితంలో ఎన్నడూ తీరని గుబులుని మేం తెలియకుండా నాలుగు సెకన్ల ముక్కగా కోసి అతికించాం. తెలిసే ఉంటే ఆ ముక్క ఉంచేవాళ్లమా? ఇన్నేళ్ల తర్వాత కూడా దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ మాత్రం ఆ సినిమా తీసెయ్యమని అనలేదు. "ఆఖర్న ఆ కుర్రాడు బావి దగ్గరికి వెళ్లి చూశాడా?" అని ఒక్కటే అడిగింది. చూశాడన్నాను. "మంచిపని చేశాడు," అంది.

నీళ్ల చప్పుడుని పొరబడటం అనగానే మన చెవుల్లో పడేది దశరథుడి కథే. వర్షాకాలం, సరయూ తీరం, చీకటి. కుండలోకి నీళ్లు దిగుతున్న బుడబుడని ఏనుగు తొండంతో నీళ్లు పీల్చే చప్పుడనుకుని శబ్దవేధి బాణం వేశాడు. చిన్నప్పుడు ఈ కథ విలువిద్య గొప్పతనం గురించి అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనిపిస్తుంది, ఆయన చెవి తప్పు వినలేదు, చెవి వెనక ఉన్న మనసు తప్పు బొమ్మ గీసింది. శబ్దం బొమ్మని ఇవ్వదు, బొమ్మ గీసుకోమని మనకి వదిలేస్తుంది. అదే దాని బలం, అదే దానివల్ల వచ్చే ప్రమాదం. దశరథుడు కుండని విని ఏనుగనుకున్నాడు. అమ్మమ్మ మనిషిని విని చేదనుకుంది. అయితే వాల్మీకి చెప్పినదాంట్లో నన్ను ఇప్పటికీ కుదిపేసేది బాణం పడిన చోటు కాదు. ఆ తర్వాత వచ్చేది. దశరథుడు కుండతో నీళ్లు పట్టుకుని ఆ గుడ్డి తల్లిదండ్రుల దగ్గరికి నడిచి వెళ్తాడు. అడుగుల చప్పుడు వింటారు వాళ్లు. కొడుకే అనుకుని, ఇంత ఆలస్యమేమిటి నాయనా, త్వరగా నీళ్లు పట్టుకురా అంటాడు తండ్రి. వింటున్న మనకి అవి ఎవరి అడుగులో తెలుసు. వాళ్లకి తెలియదు. ఆ ఒక్కో అడుగూ ఎంత బరువో చూడండి! అక్కడ ఏ సంగీతమూ లేదు, ఎదురుచూస్తున్న ఇద్దరు దప్పికగొన్న ముసలివాళ్లున్నారు, అంతే.

సినిమా మాటలు నేర్చిన తొలి రోజుల్లోనే ఈ కిటుకు పట్టుకున్నవాళ్లున్నారు. ఫ్రిట్జ్ లాంగ్ తన మొదటి టాకీ "ఎమ్" 1931లో తీశాడు. బెర్లినులో పిల్లల్ని చంపే హంతకుడి కథ. హంతకుడు ఈలగా వేసే గ్రీగ్ బాణీ గురించే అందరూ చెప్తారు. ఆ పాత్ర వేసిన పీటర్ లోరేకి ఈల వెయ్యడం రాకపోతే దర్శకుడే వేశాడు. ఆ ఈలని గుర్తుపట్టి పట్టించేది బుడగలమ్మే గుడ్డివాడు. కానీ నాకు ఈల కంటే మెట్లు ఎక్కువ గుర్తు. బడి నుంచి రావాల్సిన కూతురి కోసం తల్లి అన్నం సిద్ధం చేసి, పళ్లెం పెట్టి కూర్చుంటుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు. మొహం వికసించి తలుపు తీస్తుంది. వేరే పిల్లలు. ఇంకాసేపటికి మళ్లీ ఎవరో. ఆమె కాదు. చివరికి తల్లి కూతుర్ని పేరు పెట్టి పిలుస్తుంటే, ఆ పిలుపు మీద ఖాళీ మెట్లూ ఖాళీ పళ్లెమూ చూపిస్తాడు. ఒక్క నెత్తుటి చుక్క కనిపించదు. మా గిలకకి అన్నయ్య లాంటి చప్పుడు మాత్రం బ్రెస్సాన్ 1956లో తీసిన "ఎ మాన్ ఎస్కేప్డ్"లో దొరికింది. జైలు నుంచి పారిపోతున్న ఇద్దరు కప్పు మీది కంకర మీద అడుగు తీసి అడుగు వెయ్యాలంటే, దగ్గర్లో రైలు వెళ్లే మోత కోసం ఆగుతారు. అన్నీ దాటి బయటి గోడల దాకా వచ్చాక కింద చీకట్లో ఏదో కీచు కీచుమని దగ్గరికొస్తుంది, దూరమవుతుంది, మళ్లీ దగ్గరికొస్తుంది. ఏమిటో తెలియదు. చివరికి చూస్తే, సైకిలు మీద చుట్లు తిరుగుతున్న కాపలావాడు. నూనె పెట్టని సైకిలు! దాన్ని మొదటిసారి చూసినప్పుడు మా పెరడే గుర్తొచ్చి కాసేపు ఆపేసి కూర్చున్నాను.

ఇంత చెప్తున్నాను కదా, మరి సంగీతం అక్కర్లేదా అని మేనల్లుడు నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. వంశీ "అన్వేషణ" 1985లో వచ్చింది. అడవి, పులి, ఒకదాని వెనక ఒకటి హత్యలు. అందులో ఇళయరాజా సంగీతం తీసేస్తే ఆ అడవి సగం అడవే. పక్షుల కూతలకీ సంగీతానికీ ఉన్న చుట్టరికం వెతుక్కుంటూ వచ్చిన అమ్మాయి కథ కాబట్టి, అక్కడ చెట్ల మీది కూత ఎక్కడ ఆగిందో వాద్యం ఎక్కడ మొదలైందో తేల్చుకోలేక మనమూ చెవులు రిక్కిస్తాం. "జాస్"లో జాన్ విలియమ్స్ రెండే స్వరాలతో సొరచేప వస్తోందని చెవికి అలవాటు చేశాడు. పిల్లలు అట్టతో చేసిన రెక్కని నీళ్లలో తిప్పి జనాన్ని భయపెట్టినప్పుడు మాత్రం ఆ స్వరాలు మోగవు. సంగీతం మనతో అబద్ధమాడదన్న నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకం కుదిరాక, ఒకసారి ఏ స్వరమూ లేకుండానే సొరచేప నీళ్లలోంచి లేస్తుంది. అంటే అక్కడ కూడా దెబ్బ తీసింది రావాల్సి ఉండి రానిదే. కాబట్టి నా గొడవ సంగీతంతో కాదు. మనం వింటున్నామన్న సంగతే మరిచిపోయేలా చేసే సంగీతంతో. మన సినిమాల్లో పాత్రల గొంతుతో సహా చప్పుళ్లన్నీ తర్వాత స్టూడియోలో కూర్చుని నింపుకునే అలవాటు చాలాకాలం సాగింది కనక, మన గదులు ఎలా మోగుతాయో మనం తెర మీద విన్నది తక్కువ. సింగీతం శ్రీనివాసరావు 1987లో ఒక్క మాట లేకుండా "పుష్పక విమానం" తీసి ఆ చెవిని మనకి తిరిగిచ్చారు. సినిమా హాలు పక్కన ఇరుకు గదిలో ఫైటింగుల మోతకి అలవాటుపడిన కథానాయకుడికి పెద్ద హోటలు మెత్తటి పరుపు మీద నిద్ర పట్టదు. ఆ మోతని టేపులోకి ఎక్కించుకొచ్చి పెట్టుకుంటే గానీ పట్టదు. మనిషికి ఏది నిశ్శబ్దమో, ఏది గోలో బయటివాళ్లం మనమెలా చెప్తాం?

సస్పెన్స్‌కి మన పత్రికలవాళ్లు వాడే మాట ఉత్కంఠ. ఎన్ని వేలసార్లు చదివుంటాను, ఎన్నడూ ఆగి చూడలేదు. కంఠం పైకెత్తడం. ఎవరో వస్తారని గుమ్మంలో నిలబడి మెడ సాచి వీధి చివరికి చూడటం. అష్టవిధ నాయికల్లో విరహోత్కంఠిత ఉంది. రావాల్సినవాడు రాక, ప్రతి ఆకు చప్పుడుకీ వాడేనేమోనని లేచే మనిషి. అంటే హంతకుడి కథలకి మనం తెచ్చి తగిలించిన మాట అసలు ప్రేమది. ఇది తట్టిన రోజు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. మా నాన్నగారు సెకండ్ షిఫ్టు చేసే రోజుల్లో రాత్రి పదకొండున్నరకి వచ్చేవారు. మా వీధిలో నాలుగు బజాజ్ స్కూటర్లుండేవి. మూడు దాటి వెళ్తే కదలని అమ్మ, నాలుగోది మలుపులో గేరు తగ్గించకముందే లేచి అన్నం గిన్నె మూత తీసేది. ఒక్కోరోజు పన్నెండు దాటేది. అప్పుడు అమ్మ గదిలో అటూ ఇటూ తిరగదు, ఎవర్నీ ఏమీ అడగదు. ట్యూబులైటు గుయ్యిమంటుంటుంది, అమ్మ ఆరిన బట్టల్ని మడతపెడుతూ ఉంటుంది, మడతపెట్టినవే మళ్లీ విప్పి మడతపెడుతుంది. ఏ హాల్లోనూ నేను అంత సస్పెన్స్ అనుభవించలేదు. స్కూటరు చప్పుడులో భయం లేదు, ఆ చప్పుడు ఎవరిదో వాళ్లు కావాలి మాకు. అది ముందు. భయం దాని వెనక వస్తుంది.

"నీ సినిమాలో ఆ అమ్మాయి కోసం ఎవరూ ఎదురుచూడట్లేదురా," అన్నాను వాడితో. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాతి శని ఆదివారాలు మళ్లీ షూటింగు పెట్టుకున్నాడు. ముసుగు మనిషిని మొత్తం తీసేశాడు. ఇప్పుడు ఫ్లాటులో ఉన్నది తమ్ముడు. అక్క రాత్రి డ్యూటీ దిగి రావాలి. ఫోను స్విచ్చాఫ్. మా అపార్టుమెంటులో లిఫ్టు పాతది, ఇనప గ్రిల్ తలుపులు రెండు చేత్తో లాగాలి. అది పైకి వస్తుంటే గోడలోంచి సన్నటి ఘుర్రు, అంతస్తు అంతస్తుకీ ఒక టక్కు. ఆగాక గ్రిల్ జరిగే గలగల, రెండో గ్రిల్, మళ్లీ రెండూ మూసుకునే ధడేల్, చెప్పుల చప్పుడు, గుమ్మం. ఇదీ వరస. వాడి సినిమాలో లిఫ్టు వచ్చి వాళ్ల అంతస్తులో ఆగుతుంది. గ్రిల్ తెరుచుకుంటుంది. తమ్ముడు లేస్తాడు. గ్రిల్ మూసుకోదు. కాసేపటికి, తలుపు వెయ్యకపోతే మోగే ఆ పాట మొదలవుతుంది, దాని మధ్యలో తలుపు వెయ్యమని బతిమాలే ఆడగొంతు. మళ్లీ పాట. చెప్పుల చప్పుడు లేదు. దీనికోసం వాడు రాత్రి పదకొండింటికి ఇంట్లో అందరినీ నోరు మూసుకోమని, ఫ్రిజ్ ఆపి, ఒక నిమిషం పాటు వట్టి గదిని రికార్డు చేశాడు. కొత్తగా కొన్న చిన్న రికార్డరులో విని నా చెవికి పెట్టాడు. ఫ్యాను, దూరంగా ఎవరి ఇంట్లోనో బోరు మోటారు, వాచ్‌మన్ గదిలో టీవీ, అమ్మ ఊపిరి. జాన్ కేజ్ అనే స్వరకర్త 1951లో హార్వర్డులో ఏ చప్పుడూ చొరబడని గదిలోకి వెళ్లి, అక్కడ కూడా రెండు శబ్దాలు విన్నానని, అవి తన ఒంట్లోవేనని చెప్పాడు. ఆ సంగతి చెప్తే మా వాడు నవ్వలేదు, "అమ్మమ్మ ఊపిరి ఉంచేస్తాను మావయ్యా," అన్నాడు. పదకొండు ట్రాకుల్లో నాలుగు మిగిలాయి.

మా సినిమా క్యాసెట్లు బీరువా అడుగున ఉన్నాయి. ఆడించే కెమెరా ఎవరి దగ్గరా లేదు. మేం కోసి పారేసిన "ఎవరదీ?" అనే గొంతు అసలు టేపులో అలాగే ఉండి ఉండాలి. అమ్మమ్మ 2009లో పోయింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా రికార్డయి లేదు. ఆ రెండు మాటల కోసం ఎప్పటికైనా ఒక కెమెరా సంపాదించాలి.

మొన్న రాత్రి మా వాడు సినిమా పూర్తిచేసి మొదటిసారి స్పీకర్లలో పెట్టాడు. నేనూ వాడూ హాల్లో కూర్చున్నాం. అమ్మ వంటింట్లో మర్నాటికి పెసలు నానబోస్తోంది. అమ్మని పిలవలేదు, ముందు మనం చూద్దాం అనుకున్నాం. లిఫ్టు వచ్చింది, గ్రిల్ తెరుచుకుంది, పాట మొదలైంది. ఆడగొంతు రెండోసారి బతిమాలుతుండగా అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ మమ్మల్ని దాటుకుని వీధి తలుపు వైపు వెళ్లింది. "ఎవరో లిఫ్టు తలుపు వెయ్యకుండా వెళ్లిపోయారు," అంది. తలుపు తీసి వరండాలోకి వెళ్లింది. లిఫ్టు కింద ఎక్కడో ఉంది. మా అంతస్తులో గ్రిల్ మూసే ఉంది. అమ్మ దాన్ని చేత్తో ఒకసారి లాగి చూసి, తిరిగి రాలేదు. మెట్ల పిట్టగోడ మీదుగా మెడ సాచి కిందికి చూస్తూ నిలబడింది.